మూతల ఫ్యాక్టరీ కొన్న లెక్క

మొదలుపెట్టిన రోజున నా చేతిలో ఉన్నవి ఇవి. మెయిన్ రోడ్డు మీద సొంత దుకాణం, అందులో అరవై లక్షల సరుకు. రైలు గేటు అవతల ఒక గోడౌన్, అమ్మితే తొంభై లక్షలు. బ్యాంకులో డిపాజిట్లు డెబ్బై లక్షలు. మా ఆవిడ పేరు మీద ఇల్లు. పైసా అప్పు లేదు. వీటన్నిటికీ తోడు ఒక తోడల్లుడు. ఆ రోజుల్లో అతన్ని కూడా ఆస్తి కిందే రాసుకునేవాణ్ణి.

నా వ్యాపారం ఖాళీ సీసాలు, వాటి మూతలు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. సీసా మీద మిగిలేది తక్కువ, దారిలో పగిలేది ఎక్కువ. మూత పగలదు, చోటు తినదు, పాడవదు. అందుకని నాకు మొదటినుంచీ మూతల మీదే ఇష్టం. సోడా సీసాకి వేసే రేకు మూత చూశారు కదా, దాని అంచుకి సరిగ్గా ఇరవై ఒక్క పళ్ళుంటాయి. ఒక్క పన్ను వంగినా గ్యాసు నిలవదు. మూతల్ని ఎవరూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టరు. వంద మూతలు తూచి, ఆ తూకంతో బస్తా తూకాన్ని భాగించి లెక్క చెబుతారు. నేనైతే బస్తా ఒకసారి ఎత్తి చూసి చెప్పేవాణ్ణి. వెయ్యికి పది తేడా ఉంటే ఉండేది, అంతకు మించి ఉండేది కాదు.

సరుకు విషయంలో నన్ను మోసం చేసినవాడు లేడు. కాగితం దగ్గరికొచ్చేసరికి మాత్రం నాకు కళ్ళు తిరిగేవి. అందుకే ఆ పని తోడల్లుడిది. అతను మా ఆవిడ చెల్లెలి భర్త. ఆడిటరు దగ్గర గుమాస్తాగా చేరి, తర్వాత సొంతంగా ఒక గది తీసుకుని పన్నుల లెక్కలు చూసేవాడు. ఇంట్లో అందరం అతన్ని కాగితాలాయన అనేవాళ్ళం. పంతొమ్మిదేళ్ళు నా లెక్కలన్నీ అతనే రాశాడు. ఒక్క నోటీసు రాలేదు, ఒక్క జరిమానా పడలేదు. ఫీజు ఇవ్వబోతే "మన మధ్య ఏంటన్నయ్యా" అని చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. ధర చెప్పని సరుకు నేను దుకాణంలో ఎప్పుడూ కొనలేదు. ఇంట్లో కొన్నాను.

నేను మూతలు తెచ్చుకునే ఫ్యాక్టరీ యజమాని ఒక రోజు పొద్దున్నే నా దుకాణానికి వచ్చాడు. మేమందరం ఆయన్ని పెద్దాయన అంటాం. నలభై ఏళ్ళ కిందట రేకు మూతలు కొట్టే రెండు ప్రెస్సులతో మొదలుపెట్టి పదకొండు ప్రెస్సులకు తెచ్చిన మనిషి. పిల్లలు లేరు. స్టూలు మీద కూర్చుని, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని అన్నాడు.

"అబ్బాయ్, నా నోట్లో పళ్ళు ఊడాయి, సరే అనుకున్నా. ఇప్పుడు మూతకున్న పళ్ళు కూడా కనబడటం లేదు. ఇంక లాభం లేదు. అమ్మేస్తా."

"ఎంత చెబుతున్నారు బాబాయ్‌గారూ?"

"పన్నెండు కోట్లు."

"నా దగ్గర పన్నెండు కోట్లుంటే మీ ఫ్యాక్టరీ ఒక్కటేనా, మీ వీధి మొత్తం కొనేవాణ్ణి."

"వీధితో నువ్వేం చేస్తావ్? మూతలు నీకు తెలుసు. బయటివాడికి అమ్మితే మూడు నెలల్లో ప్రెస్సులు పాత ఇనుముకి వేసి స్థలం అమ్ముకుంటాడు. నెల రోజులాగుతా. ఆలోచించుకో."

ఏడాదికి రెండున్నర కోట్లు మిగిల్చే ఫ్యాక్టరీ అది. నాకు తెలుసు, ఎందుకంటే అందులో ఐదో వంతు నా చేతి మీదుగానే అమ్ముడయ్యేది. కానీ నా దగ్గరున్నదంతా ఊడ్చినా రెండు కోట్ల పాతిక లక్షలు దాటదు. ఆ సంగతి ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర నవ్వుతూ చెప్పాను. తోడల్లుడు నవ్వలేదు.

"అన్నయ్యా, ఒక డజను మూతలు పట్రా" అన్నాడు.

మా ఆవిడ కంచాలు తీసి బల్ల తుడిచింది. అతను పన్నెండు మూతల్ని వరసగా పేర్చాడు.

"ఒక్కో మూత ఒక్కో కోటి. ఇవి ఆరు బ్యాంకు ఇస్తుంది. ప్రెస్సులు, స్థలం, సరుకు అన్నీ తాకట్టు పెడతాం. అప్పు నీ పేరు మీద కాదు, కంపెనీ పేరు మీద. ఆరేళ్ళలో కంపెనీ సంపాదించి కంపెనీయే కడుతుంది."

"అంటే ఫ్యాక్టరీ తన్ను తానే కొనుక్కుంటుందన్నమాట" అంది మా మరదలు.

"అదీ! మా ఆవిడకి అర్థమైంది. ఈ ఒక్కటీ పెద్దాయన దగ్గరే ఉంచుతాం. రెండేళ్ళు ఆగి తీసుకుంటాడు."

"ఆయనెందుకాగుతాడు?" అన్నాను.

"నీ మొహం చూసి ఆగుతాడు. మిగిలినవి ఐదు. ఈ రెండూ మనవి. నీ గోడౌనూ డిపాజిట్లూ కలిపి కోటీ అరవై నీది, నలభై లక్షలు నాది. ఈ మూడూ ఒక పెట్టుబడి కంపెనీ పెడుతుంది. నాకు తెలిసినవాళ్ళు. వాళ్ళు తీసుకునేవి ప్రిఫరెన్స్ షేర్లు. వాటికి ఏడాదికి నూటికి పన్నెండు చొప్పున ముందు ఇచ్చెయ్యాలి. దానికి బదులు ఫ్యాక్టరీ నడిపే విషయంలో ఓటుండదు. ఓటు మన రెండు మూతలదే. వందలో ఎనభై నీకు, ఇరవై నాకు."

"రెండు పెట్టి పన్నెండు ఏలుకోవచ్చు!" అంది మా ఆవిడ.

"అదే కదా వదినా అప్పులో ఉన్న అందం. మొత్తం మనమే పెడితే రెండున్నర కోట్ల లాభం పన్నెండు మీద వచ్చినట్టు. రెండే పెడితే, వడ్డీలూ వాయిదాలూ పోగా మిగిలింది రెండు మీద వచ్చినట్టు. ఆరేళ్ళు పోయాక అప్పుండదు, ఫ్యాక్టరీ ఉంటుంది."

"మరిదిగారూ, ఇంతకీ ఇందులో ఎక్కడైనా మా ఇల్లుందా?"

అతను మూతలు సర్దుతూ అన్నాడు, "ఇల్లూ దుకాణమూ హామీగా చూపించాలి వదినా. సంతకమే. మామూలే."

లెక్క నేనూ వేసుకున్నాను. బ్యాంకు వడ్డీ, అసలు వాయిదా, పెట్టుబడి కంపెనీకి ఇవ్వాల్సింది అన్నీ పోగా ఏడాదికి నలభై ఎనిమిది లక్షలు మిగులుతాయి. లెక్కలో తప్పు లేదు. ఇప్పటికీ లేదు.

ఫ్యాక్టరీని మూడు రోజులు చూశాను. నూనె వాసన బట్టల్లోంచి వారం దాకా పోలేదు. పదకొండు ప్రెస్సుల దగ్గరా ఒక్కో గంట నిలబడ్డాను. ప్రెస్సు చప్పుడులోనే దాని ఆరోగ్యం ఉంటుంది. ఏడో ప్రెస్సు కొంచెం తడబడుతోందని మేస్త్రితో అన్నాను.

"షావుకారు గారూ, అది తడబడట్లేదు. మీరొచ్చారని సిగ్గుపడుతోంది" అన్నాడు మేస్త్రి.

విప్పి చూస్తే బేరింగు అరిగింది. పెద్దాయన ధరలో లక్షన్నర తగ్గించాడు. ఆ డబ్బు రిజిస్ట్రేషన్ ఖర్చులకు పనికొచ్చింది. గోడౌన్‌లో నాలుగొందల బస్తాలుంటే నలభై ఎత్తి చూశాను. చివర ఉన్న రేకు షీట్లను గోటితో గీకి పూత చూశాను. చూడనిది ఒక్కటే. తొంభై నాలుగు పేజీల ఒప్పందాల కట్ట.

సంతకాలు లాయరు ఆఫీసులో. పొడుగాటి బల్ల, మధ్యలో నీళ్ళ సీసాలు. వాటి మూతలు నా సరుకు కాదని అలవాటుగా గమనించాను. తోడల్లుడు నా పక్కన కూర్చుని పేజీలు తిప్పుతూ వేలితో చోటు చూపిస్తుంటే నేను సంతకం పెడుతూ పోయాను. పెద్దాయన తన వంతొచ్చినప్పుడు పెన్ను ఎత్తి ఆగాడు.

"అబ్బాయ్, నాకు అక్షరాలు ఆనటం లేదు. ఇందులో ఏముంది?"

"మా తమ్ముడు చూశాడు బాబాయ్‌గారూ. మీ కోటి ఎక్కడికీ పోదు."

"నువ్వు చూశావా?"

"నేను చూడ్డమేంటండీ, వాడు చూస్తే నేను చూసినట్టే."

ఆయన సంతకం పెట్టాడు. తన దగ్గరున్న పాత తాళంచెవుల గుత్తి నా ముందు పెట్టి, కర్ర పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పదమూడు నెలలు ఫ్యాక్టరీ బాగా నడిచింది. బాగా అంటే నేను అనుకున్నదానికన్నా బాగా. దుకాణం మా ఆవిడ చూసుకునేది. నేను పొద్దున్న ఏడింటికి షెడ్డులో ఉండేవాణ్ణి. కొత్తగా రెండు సాస్ కంపెనీలను పట్టాను. నాలుగు వాయిదాలు ఒక్క రోజు ఆలస్యం కాకుండా కట్టాం. జీతం కింద నెలకు లక్ష తీసుకున్నాను. తోడల్లుడికి మేడ మీద గాజు గది. బ్యాంకు, పన్నులు, పెట్టుబడి కంపెనీ ఉత్తరాలు అన్నీ అక్కడికే వెళ్ళేవి. నేను ఆ గదికి వెళ్ళింది పది సార్లు కూడా ఉండదు. సరుకు నాది, కాగితం అతనిది. మా పద్ధతి అది.

పద్నాలుగో నెల మొదలై పది రోజులైంది. మూడు నెలలకోసారి వేసే లెక్క ముగియడానికి ఇంక నాలుగు రోజులున్నాయనగా రేకుల బ్రోకరు ఫోన్ చేశాడు.

"షావుకారు గారూ, కూర్చునున్నారా?"

"నిలబడే ఉన్నాను. చెప్పు."

"అయితే కూర్చోండి. ఒక డబ్బాల ఫ్యాక్టరీ మూతపడింది. రేకు మొత్తం ఒకే లాటు. డెబ్బై లక్షలకు ఇస్తామంటున్నారు. మార్కెట్లో ఎనభై ఐదు. కానీ రొక్కం కావాలి, రేపటికి."

వెళ్ళి చూశాను. గీకి చూశాను. వంచి చూశాను. బంగారం లాంటి రేకు. పై నెల ధర పెరుగుతుందని కొట్టు కొట్టునా మాట వినబడుతోంది. ఖాతాలో కోటీ ఒక లక్ష ఉంది. అక్కడినుంచే తోడల్లుడికి ఫోన్ చేశాను.

"తమ్ముడూ, డెబ్బై తీస్తే ముప్పై ఒకటి మిగులుతుంది. వచ్చే వాయిదాకి ఇంకా టైముంది. జీతాలకి సరిపోతుంది. తియ్యొచ్చా? కాగితంలో అడ్డమేమైనా ఉందా?"

ఒక్క క్షణం మాట్లాడలేదు. వెనకాల ఫ్యాను చప్పుడు వినిపించింది.

"సరుకు సంగతిలో నిన్నడిగేవాడెవడన్నయ్యా. కొనెయ్" అన్నాడు.

ఆ క్షణం ఆలస్యం నాకు ఇప్పుడు వినిపిస్తోంది. అప్పుడు ఫ్యాను చప్పుడే వినిపించింది.

ఇరవై ఆరేళ్ళ వర్తకం నాకు నేర్పింది ఒకటుంది. మంచి సరుకు గోడౌన్‌లో ఉంటే డబ్బు ఉన్నట్టే. డబ్బుకన్నా మేలు కూడా, ఎందుకంటే డబ్బు పెరగదు, సరుకు ధర పెరుగుతుంది. నాలాంటివాళ్ళం అందరం అలాగే బతికాం. రేకు దిగిన రోజు మేస్త్రికీ కూలీలకూ టీ తెప్పించాను. రెండు వారాలు తిరక్కుండానే ధర పెరిగింది. డెబ్బై పెట్టి కొన్నది తొంభై అయింది. ఇరవై లక్షల లాభం ఒక్క ఫోన్‌తో. ఆ వారమంతా నడకలో తేడా వచ్చిందని మా ఆవిడ వెక్కిరించింది.

ఆ తర్వాత మూడు రోజులకు రంగుల కంపెనీకి డబ్బు పంపడానికి బ్యాంకుకు చెక్కు పంపిస్తే తిరిగొచ్చింది. సంతకం చెల్లదన్నారట. నా సంతకం నాలాగే లావైందేమోనని జోకు వేసుకుంటూ నేనే వెళ్ళాను. బ్యాంకు మేనేజరు నిదానస్తురాలు. నన్ను కూర్చోబెట్టి తలుపు వేసింది.

"సర్, మూడు రోజుల కిందట మీ బోర్డు తీర్మానం మాకు వచ్చింది. సంతకం పెట్టే అధికారం మారింది. మీకు తెలీదా?"

"బోర్డంటే నేనే కదా మేడమ్. నాకు తెలియకుండా నేనెలా తీర్మానించాను?"

ఆమె కంప్యూటరు తెర నా వైపు తిప్పింది. తర్వాత అలమరలోంచి ఒప్పందాల కట్ట తీసి డెబ్బై ఒకటో పేజీ తెరిచి, పెన్సిలుతో ఒక పేరా పక్కన గీత గీసింది. నెమ్మదిగా, నేను పిల్లవాణ్ణయినట్టు, చదివి చెప్పింది. ప్రతి మూడు నెలల చివరి రోజున కంపెనీ ఖాతాలో ఎనభై లక్షలకు తగ్గకుండా రొక్కం ఉండాలి. సరుకు లెక్కలోకి రాదు. తగ్గితే పెట్టుబడి కంపెనీ నోటీసు ఇస్తుంది. నోటీసు అందిన పది రోజుల్లో సరిదిద్దుకోవచ్చు. సరిదిద్దకపోతే వాళ్ళ ప్రిఫరెన్స్ షేర్లు ఒక్కోటి నాలుగు మామూలు షేర్లుగా మారతాయి, ఓటుతో సహా.

మూడు కోట్ల షేర్లు పన్నెండు కోట్లయ్యాయి. మా ఇద్దరివీ కలిపి రెండు. పద్నాలుగులో నాది కోటీ అరవై. వందలో ఎనభై ఉన్నవాణ్ణి పదకొండు చిల్లరకు దిగాను. ఆ లెక్క నేను అక్కడే, కుర్చీలో కూర్చునే వేశాను. లెక్కలు నన్ను ఎప్పుడూ వదలవు.

"మీ బ్యాంకుకు నేను ఒక్క వాయిదా ఎగ్గొట్టానా మేడమ్?"

"లేదు సర్. మా షరతులోనూ ఆ ఎనభై ఉంది. కానీ మీరొచ్చి రేకు కొన్నాం అని చెబితే మేం గడువిచ్చేవాళ్ళం. వాళ్ళు ఇవ్వలేదు. అది వాళ్ళ హక్కు." ఆమె ఇంకో కాగితం తీసి నా ముందు పెట్టింది. "నోటీసు మాకూ ఒక కాపీ వచ్చింది. మీకు అందిందని సంతకం కూడా ఉంది."

ఆ సంతకం నేను పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నదే. తేదీ మూడు. పదమూడో తేదీ దాకా పది రోజులు. ఆ పది రోజుల్లో అతను మా ఇంటికి రెండుసార్లు వచ్చాడు. ఒకసారి మరదలితో కలిసి మా ఆవిడ కాళ్ళ నొప్పికి మందు తెచ్చాడు. ఇంకోసారి రేకు ధర పెరిగినందుకు నా భుజం తట్టి "నీ చెయ్యి చెయ్యే అన్నయ్యా" అన్నాడు. నాకు కావలసింది నలభై తొమ్మిది లక్షలు. పది రోజులు అక్కర్లేదు. బజారులో నా నోటి మాట మీద ఒక పూటలో పుట్టేవి.

దుకాణానికెళ్ళి మా ఆవిడకు చెప్పాను. ఆమె కొట్టుకు తాళం వేయించి, చెప్పులు వేసుకుని "పదండి" అంది. నడిచే వెళ్ళాం, చెల్లెలి ఇల్లు రెండు వీధుల అవతలే. మరదలు తలుపు తీసింది. మమ్మల్ని చూసి "రండి బావగారూ" అనలేదు. అప్పుడే అర్థమైంది ఈవిడకీ తెలుసని.

తోడల్లుడు సోఫాలో ఉన్నాడు. లేచి నిలబడ్డాడు. పారిపోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

"ఫోన్ చేసినప్పుడు కాగితంలో అడ్డముందా అని అడిగాను. ఉంది అని ఒక్క మాట అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"రాలవు."

"మరి?"

"అన్నయ్యా, కూర్చో."

"కూర్చోబెట్టే గొంతు కోశావుగా, ఇంకా ఎన్నిసార్లు కూర్చోవాలి?"

అతను కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "పంతొమ్మిదేళ్ళు నీ లెక్కలు రాశాను. నీ గోడౌన్ నా లెక్కల్లో పెరిగింది. నీ డిపాజిట్లు నా లెక్కల్లో పెరిగాయి. పన్నెండు కోట్ల బేరం నా తలలో పుట్టింది. దాంట్లో నాకు ఇరవై."

"ఆ ఇరవై నువ్వే చెప్పావు!"

"చెప్పాను. నువ్వు తల ఊపావు. ఇదేంట్రా, పని మొత్తం నీదైతే ఇంత తక్కువేంటి అని ఒక్కసారి అడుగుతావేమో అని చూశాను. ఎంత తీసుకుంటావు అని ఇన్నేళ్ళలో ఎప్పుడైనా అడిగావా? ఇవ్వబోయేవాడివి. ఎంత అని అడగలేదు."

"వాళ్ళెంత ఇస్తున్నారు?"

"వందలో పదిహేను. మేనేజింగ్ డైరెక్టరు."

"ఇరవై ఉన్నవాడివి పదిహేనుకి అమ్ముడుపోయావా? బేరం కూడా చేతకాలేదు నీకు."

"నీ కింద ఇరవై అన్నయ్యా అది. ఇది నాది."

మా ఆవిడ అతని వైపు చూడనే లేదు. చెల్లెలి వైపే చూస్తోంది.

"నీకు ఎప్పుడు తెలుసే?"

మరదలు కిటికీ దగ్గర నిలబడి కర్టెను అంచు పట్టుకుంది. "నోటీసొచ్చిన రోజు."

"మొన్న నా కాళ్ళకి మందు రాస్తూ కూర్చున్నావు కదే. గంటసేపు. ఆ గంటలో నీకు నోరు పెగల్లేదా?"

"ఆయన నా భర్తక్కా."

"నేనెవర్నే మరి?"

మా ఆవిడ వెనక్కి తిరిగింది. గుమ్మం దగ్గర ఆగి, "నా ఇంటి కాగితం మీద నా చేత సంతకం పెట్టించింది నువ్వు కాదు మరిదీ, అది నీ పెళ్ళాం. అక్కా ఏమీ కాదులే పెట్టు అంది. ఆ మాటకి పెట్టాను" అంది. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలీదు.

లాయరు దగ్గరికి వెళ్ళాను. అతను డెబ్బై ఒకటో పేజీ చదివి, వెనక నా సంతకం చూసి, కోర్టుకెళితే నాలుగేళ్ళు, ముప్పై లక్షలు, గెలుపు సగం సగం అన్నాడు. సగం మీద నేను ఎప్పుడూ సరుకు కొనలేదు.

కానీ వాళ్ళకూ నాతో ఒక పనుంది. సీసాల కంపెనీలవాళ్ళు ఫ్యాక్టరీని చూసి మూతలు కొనరు, నన్ను చూసి కొంటారు. నేను రేపు అద్దె షెడ్డులో నాలుగు ప్రెస్సులు పెడితే సగం గిరాకీ నా వెంట వస్తుంది. ఐదేళ్ళు మూతలు తయారు చెయ్యనని నా సంతకం వాళ్ళకు కావాలి. పెట్టుబడి కంపెనీ ఆఫీసరు నా దుకాణానికే వచ్చాడు. సీసాల మధ్య జాగ్రత్తగా నిలబడ్డాడు.

"మీ వాటాకీ ఈ సంతకానికీ కలిపి తొంభై లక్షలు ఇస్తాం."

"కోటీ ముప్పై. ఇల్లూ దుకాణం హామీలోంచి విడిపించాలి. పెద్దాయన కోటి వెంటనే ఇచ్చెయ్యాలి."

"పెద్దాయన కోటి ఒప్పందం ప్రకారం బ్యాంకు అప్పు తీరాకే. ఎనభై ఎనిమిదో పేజీ."

"రెండేళ్ళన్నారు కదా!"

"షేర్లు మారితే ఆ రెండేళ్ళు ఉండవని రాసి ఉంది సర్."

మూడు రోజులు బేరం సాగింది. కోటీ పది దగ్గర తెగింది. హామీలు విడిపించారు. పెద్దాయన డబ్బు గురించి నేను గట్టిగా పట్టుబడితే నా అంకె ఎనభై దాకా పడిపోతుందని అర్థమైంది. పట్టుబట్టలేదు. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. సంతకం పెట్టాను. ఈసారి ఆరు పేజీలు, ఆరూ చదివాను. మధ్యాహ్నం పట్టింది.

మర్నాడు పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ముందు గదిలో ఈజీ చైరు, గోడకి పాత క్యాలెండరు. ఆయనకు అన్నీ చెప్పాను.

"అయితే నా కోటి ఎప్పుడొస్తుంది?"

"బ్యాంకు అప్పు తీరాక. ఇంకో ఐదేళ్ళు."

"నాకిప్పుడు డెబ్బై నాలుగు."

"తెలుసు."

"నేను వాళ్ళని చూసి సంతకం పెట్టలేదబ్బాయ్. వాళ్ళెవరో కూడా నాకు తెలీదు."

నాకు మొహం చెల్లలేదు. నాకు జరిగింది ఏమిటో ఆయనకు జరిగిందీ అదే. ఆయన విషయంలో కాగితం చూశానన్న మనిషిని నేను. ఆ కుర్చీ ముందు నిలబడి క్షమించమని అడగాలని వెళ్ళాను. నా నోటి నుంచి వచ్చింది మాత్రం బేరం.

"ఆ బాకీ నాకు అమ్మెయ్యండి. అరవై లక్షలు ఇప్పుడే ఇస్తాను. ఐదేళ్ళు నేను ఆగుతాను."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. అక్షరాలు ఆనని కళ్ళు.

"కోటికి అరవై."

"వాళ్ళు ఎగ్గొడితే నాకు సున్నా."

"డెబ్బై."

"నా దగ్గరున్నది కోటీ పది బాబాయ్‌గారూ. దుకాణంలోకి సరుకు తెచ్చుకోవాలి. అరవై దాటితే నేను నిలబడలేను."

"పద, రాయించు" అన్నాడు. "చదివి వినిపించు. మొత్తం. నువ్వే."

చదివి వినిపించాను. నాలుగు పేజీలు. రెండు చోట్ల ఆపి మళ్ళీ చదవమన్నాడు. ఒక చోట 'లేదా' అన్నది తీయించాడు. సంతకం అయ్యాక మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. నేను అడగలేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ బియ్యం చెరగడం ఆపి అడిగింది, "ఇది ఆయనకు చేసిన సాయమా, ఆయన దగ్గర కొట్టేసిన నలభయ్యా?"

"రెండూ" అన్నాను. అంతకన్నా సరైన అంకె నా దగ్గర లేదు.

ఇక లెక్క. పెట్టింది కోటీ అరవై. వచ్చింది కోటీ పది. పద్నాలుగు నెలల జీతం పద్నాలుగు లక్షలు. పెద్దాయనకు ఇచ్చింది అరవై. ఇప్పుడు చేతిలో అరవై నాలుగు, ఇంకా ఆ ఫ్యాక్టరీ నాకు ఇవ్వవలసిన కోటి బాకీ. ఫ్యాక్టరీలో నాకు ఒక్క షేరు లేదు, ఓటు లేదు. కానీ వాటాదారులు లాభం పంచుకోవాలంటే ముందు నాకు కట్టాకే, మా తోడల్లుడి పదిహేనుతో సహా. ఆ బాకీ ఒప్పందం ప్రకారం ప్రతి మూడు నెలలకూ వాళ్ళ లెక్కల కాపీ నాకు పంపాలి. మొదటిది వచ్చింది. కింద అతని సంతకం. మొత్తం చదివాను. ఏడో ప్రెస్సు మళ్ళీ ఆగిందని అందులో లేదు, మేస్త్రి చెప్పాడు.

అక్కాచెల్లెళ్ళ మధ్య మాటలు లేవు. మందు సీసా సగం అలాగే ఉంది, మా ఆవిడ వాడటం లేదు, పారెయ్యడం లేదు. దాన్ని ఏ పద్దులో రాయాలో తెలియక వదిలేశాను.

వాళ్ళు ఐదేళ్ళ తర్వాత ఆ కోటి కడితే మొత్తం కోటీ అరవై నాలుగు. అందులోంచి కోటీ అరవై తీసేస్తే లాభం నాలుగు లక్షలు.